షెన్ ఆంటీ పది మందుల కషాయం

కెజియా మా చెల్లి కూతురు. మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది. నెలకొక ఆదివారం ప్రార్థన అయ్యాక ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా ఇంటికి భోజనానికి వస్తుంది. మొన్న వచ్చినప్పుడు చేపల పులుసుతో రెండు ముద్దలు తిని, "పెద్దమ్మా, ఐదు నిమిషాలు నడుం వాలుస్తా" అని సోఫా మీద ఒరిగింది. లేచేసరికి నాలుగయింది. లేచాక కూడా దాని మొహంలో నిద్రపోయి లేచిన తేట లేదు. బ్యాగులోంచి ఓ ప్లాస్టిక్ డబ్బా తీసి, గోధుమరంగు క్యాప్సూల్స్ రెండు నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఏంటే అవి అని అడిగాను. "ఏం లేదు, హెర్బల్. చైనీస్ టానిక్. నీరసానికి. మా బ్యాచ్‌లో చాలామంది వాడుతున్నారు, ఆన్‌లైన్‌లో తెప్పించా" అంది. డబ్బా అందుకుని కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. వెనకవైపు చిన్న అక్షరాల్లో పది మూలికల పేర్లున్నాయి. ఆ పదీ నాకు తెలుసు. పేర్లతో కాదు, చేత్తో తెలుసు, ముక్కుతో తెలుసు.

"ఎన్నాళ్ల నుంచీ నీరసం?" అన్నాను. కిందటి సెమిస్టర్ నుంచీ అంది. డాక్టర్ దగ్గరికి వెళ్లావా అంటే నవ్వింది. "టెర్మిన్ ఎక్కడ దొరుకుద్ది పెద్దమ్మా, అపాయింట్‌మెంట్‌కే నెలలు పడుద్ది? దొరికినా స్ట్రెస్ అంటారు, టీ తాగమంటారు. నీకు తెలీనిదేముంది." నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్లు మండింది. డబ్బా బల్ల మీద గట్టిగా పెట్టేసరికి మూత ఊడి క్యాప్సూల్స్ దొర్లాయి. అది భయంగా నా వంక చూసింది. ఇంత చిన్నదానికి పెద్దమ్మకి అంత కోపం ఎందుకొచ్చిందో దానికి తెలియదు. దానికి చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను బ్రెమెన్‌లో చదువుకునే రోజుల్లో షెన్ ఆంటీ ఇంట్లో ఓ గది అద్దెకి తీసుకుని ఉన్నాను. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. భర్త వంటవాడిగా చైనా నుంచి వచ్చి, ఆవిణ్ణి తెచ్చుకుని, కొన్నేళ్లకి గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. ఆవిడ ఓ వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పనిలో ఉండేది. చైనాలో ఉన్నప్పుడు మాత్రం మూలికల మందుల దుకాణంలో పనిచేసిందట. వైద్యుడు చీటీ రాస్తే, గోడ నిండా ఉండే చిన్న చిన్న సొరుగుల్లోంచి వేళ్లు, బెరళ్లు, ఎండు కాయలు తీసి చేతి త్రాసులో తూచి కాగితాల్లో కట్టి ఇవ్వడం ఆవిడ పని. ఇక్కడ ఆ పనికి పేరే లేదు. లాండ్రీలో ఆవిడ మెడలో వేసిన కార్డు మీద ఆవిడ పేరు కూడా తప్పే ఉండేది.

ఆ ఇంటికో పద్ధతి ఉండేది. పొద్దున్నే ఆవిడ కిటికీ దగ్గర చేతి అద్దం పట్టుకుని తన నాలుక తను చూసుకునేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. చల్లటి నీళ్లు తాగేది కాదు, నన్ను తాగనిచ్చేది కాదు. ఫ్రిజ్‌లోంచి పెరుగు తీస్తే, "చల్లనిది కడుపుకి శత్రువు" అన్నట్టు పొట్ట మీద చెయ్యి పెట్టి మొహం చిట్లించేది. పని నుంచి వచ్చాక ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసుకుని, అందులో అల్లం ముక్కలు వేసి, కాళ్లు పెట్టుకుని అరగంట కూర్చునేది. మా ఇద్దరి జర్మనూ కుంటిదే. నాది యూనివర్సిటీ భాషా తరగతిలో నేర్చిన కుంటి జర్మన్, ఆవిడది లాండ్రీలో ఏరుకున్న కుంటి జర్మన్. అయినా నాకు చదవడం వచ్చు కాబట్టి శనివారం శనివారం ఆవిడకొచ్చిన ఉత్తరాలన్నీ నా ముందు పరిచేది. ఇన్సూరెన్స్ వాళ్లది, కరెంటు వాళ్లది, ఇంటి యాజమాన్యం వాళ్లది. నేను చదివి, చేతులు తిప్పుతూ వివరించేదాన్ని. బదులుగా ఆవిడ నాకు నూడుల్స్ పెట్టేది.

శనివారమే కషాయం రోజు కూడా. దాని పేరు ఆవిడ చెబితే నేను పలకలేకపోయేదాన్ని. పది మందులతో సంపూర్ణంగా ఒంటిని నింపేదని అర్థమట. మందులన్నీ పాత వార్తాపత్రిక మీద కుప్పలు కుప్పలుగా పోసేది. జిన్సెంగ్ వేరు చిన్న మనిషి బొమ్మలా ఉండేది. పాత చింతపండులా నల్లగా జిగటగా ఒకటి, కొబ్బరి ముక్కల్లా తెల్లగా ఒకటి, సీతాకోకచిలుక రెక్కల్లా కోసిన వేరు ఒకటి, పసుపు పచ్చటి ఏటవాలు ముక్కలు ఇంకొకటి. అందులో రెండు నాకు తెలిసినవి: దాల్చినచెక్క, అతిమధురం. అతిమధురం పుల్ల చూసి నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. కాకినాడలో మా నాయనమ్మ, చర్చిలో పాటలు పాడేముందు గొంతు కోసం అది బుగ్గన పెట్టుకునేది. ఆ సంగతి షెన్ ఆంటీకి చెబితే, మీ నాయనమ్మ తెలివైనది అన్నట్టు బొటనవేలు పైకెత్తింది. పదీ మట్టిపాత్రలో నీళ్లు పోసి నానబెట్టి, మరిగాక సన్నటి సెగ మీద పెట్టి, వడగట్టి, అదే పిప్పికి మళ్లీ నీళ్లు పోసి మరిగించి, రెండు వడగట్లూ కలిపేది. ఇనుప గిన్నె తగలనిచ్చేది కాదు. ఆ వాసన తడిమట్టీ, మాడిన బెల్లమూ, ముదురు కొత్తిమీర కాడా కలిసినట్టుండేది. మెట్ల మీదకి కూడా వచ్చేది. కింది ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే యాజమాన్యం రాసిన ఉత్తరం చదివి వినిపించింది నేనే. ఆవిడ విని, కిటికీ తెరిచి, వాన జల్లు లోపలికి కొడుతున్నా సరే అలాగే మరిగించింది.

ఆ ఏడాది చలికాలంలో నాకు నీరసం పట్టుకుంది. పొద్దుటి షిఫ్టులో ఓ గోడౌన్‌లో బిస్కెట్ డబ్బాలు సర్ది, ట్రామ్ ఎక్కి క్లాసుకి వెళ్లేదాన్ని. మొదట పని వల్ల అనుకున్నాను. తర్వాత సెలవుల్లో పని మానేసినా తగ్గలేదు. మూడో అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు మెట్ల మీద కూర్చునేదాన్ని. దువ్వెన నిండా జుట్టు. హీటర్‌కి వీపు ఆనించి కూర్చున్నా ఒణుకు. చదివిన పేజీయే నాలుగుసార్లు చదివేదాన్ని. డాక్టర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి, కొత్త దేశం, చీకటి రోజులు, అలవాటవుతుంది అన్నాడు. రెండోసారి ఇంటి మీద బెంగా అని అడిగాడు. బెంగే కానీ బెంగకి జుట్టు ఊడుతుందా అని అడగాలనుకున్నాను. దానికి జర్మన్ వాక్యం కట్టుకునే లోపల ఆయన లేచి చెయ్యి చాచాడు. నేనూ చెయ్యి కలిపి, థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఆ థాంక్స్ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు. మా అమ్మ నర్సు. ఫోన్ కార్డు గీకి చెబితే, "ఐరన్ మాత్రలేసుకోవే, వేళకి తినవే, సునీతా" అని అరిచేది, కార్డు అయిపోయేది.

ఓ శనివారం కషాయం వడగడుతున్న షెన్ ఆంటీని నాకూ ఓ కప్పు ఇమ్మని అడిగాను. ఇవ్వనంది. నేను చిన్నబుచ్చుకున్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని, నాలుక చాపమంది. రెండు చేతుల నాడీ మూడేసి వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత ప్రశ్నలు మొదలెట్టింది. పొద్దున ఏం తిన్నావు? నిన్న? మొన్న? నెలసరి ఎలా ఉంది? చలి ముందు కాళ్లకా, వీపుకా? నిద్రలో చెమటలా? ఏ డాక్టరూ అడగని ప్రశ్నలు. నేను సమాధానాలు చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "తిను. ముందు. రెండు వారాలు గంజి, గుడ్డు. తర్వాత మందు" అంది. జలుబు ఉన్నా, జ్వరం ఉన్నా ఈ మందు ఇవ్వకూడదట. కాన్పు అయినవాళ్లకీ, పెద్ద జబ్బు తగ్గి లేచినవాళ్లకీ ఇచ్చేదట.

చెప్పినట్టే రెండు వారాలు గంజి తాగించి, ఆ తర్వాత కషాయం పోసింది. చేదుగా మొదలై, తియ్యగా మారి, నాలుక మీద మట్టి మిగిల్చేది. మూడు వారాలు తాగాను. తాగిన గంటసేపు ఒంట్లో వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం మందుదా, నా కోసం ఒకళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డారన్న దానిదా నేను చెప్పలేను. అమ్మకి చెబితే, "ఏవేవో వేళ్లు తాగి లివర్ పాడుచేసుకుంటావా" అని తిట్టింది. మూడు వారాలయ్యాక షెన్ ఆంటీ మళ్లీ నాడి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. నా మెడ మీద వేళ్లు పెట్టి, మింగు అంది. మింగాను. ఆవిడ మొహం మారింది. కప్పు తీసి సింకులో పారబోసి, "ఇది నా కుండకి లొంగేది కాదు. రక్తం చూడాలి" అంది.

సోమవారం లాండ్రీలో సెలవు పెట్టి, మంచి కోటు వేసుకుని నాతో వచ్చింది. డాక్టర్ మళ్లీ అదే చిరునవ్వుతో వాతావరణం సంగతి మొదలెట్టాడు. షెన్ ఆంటీ కుర్చీలో కూర్చోలేదు. నా జుట్టు ఓ ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. అది ఆయన బల్ల మీద పెట్టింది.

"బెంగ కాదు," అంది. "రక్తం. ఇవాళ."

"చూడండి, సాధారణంగా ఇలాంటి విషయాల్లో..." అని ఆయన మొదలెట్టాడు.

"రక్తం. ఇవాళ," అంది మళ్లీ, అంతకంటే పెద్ద జర్మన్ ఆవిడ దగ్గర లేదు. "నేను వెళ్లను."

సిగ్గుతో నేను చచ్చిపోయాను. ఆంటీ, పోదాం రండి అని కోటు లాగాను. ఆవిడ కదల్లేదు. చివరికి ఆయన నర్సుని పిలిచాడు. వారం తర్వాత ఫోన్ చేసి వాళ్లే రమ్మన్నారు. థైరాయిడ్ దాదాపు పనిచేయడం లేదు. ఆ రోజు మొదలు ఇవాళ పొద్దుటి దాకా ఆ చిన్న మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. నెలా రెండు నెలల్లో నేను మనిషినయ్యాను. జుట్టు నిలిచింది. మెట్లు పరిగెత్తి ఎక్కేదాన్ని. థీసిస్ రాశాను, స్నేహితులతో వేజర్ నది ఒడ్డున తిరిగాను, ఉద్యోగాలకి అప్లై చేశాను. ఇక్కడి దాకా కథ ఎవరికైనా చెప్పుకోవచ్చు. చాలామందికి చెప్పాను కూడా. నేను చెప్పకుండా ఆపేసేది దీని తర్వాతిది.

నేను తాగడం మానేశాక కూడా ఆ కుండ మరుగుతూనే ఉంది. శనివారం మాత్రమే మరిగేది వారానికి రెండుసార్లయింది, తర్వాత మూడుసార్లు. మెట్లెక్కి వస్తుంటే వాసన తగిలేది. ఎవరి కోసం అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. షెన్ ఆంటీ చేతికి ఓ పచ్చరాతి గాజు ఉండేది. పెళ్లికి తొడిగింది, సబ్బు రాసినా రాదని చెప్పేది. ఆ గాజు ఇప్పుడు మోచేతి దాకా జారుతోంది. నేను చూశాను. చూసి ఏమన్నానో తెలుసా? "సన్నబడ్డారు ఆంటీ, బాగుంది" అన్నాను. ఆవిడ నవ్వింది. నూడుల్స్ నాకు పెట్టి, తను సగం గిన్నె గంజి ముందు కూర్చునేది. నా నాలుక చూసి, నా మెడ తడిమి, నా కోసం డాక్టర్ గదిలో నిలబడిన మనిషి ఎదురుగా కూర్చుని నేను ఇంటర్వ్యూ కబుర్లు చెప్పేదాన్ని.

ఓసారి, "గురువారం ఖాళీయేనా? డాక్టర్ టెర్మిన్" అని అడిగింది. గురువారం నాకు మ్యూనిక్‌లో ఇంటర్వ్యూ. చెప్పాను. "వెళ్లు, వెళ్లు. నాకు యా తెలుసు, నైన్ తెలుసు. అవును, కాదు. చాలు" అంది. ఇంకో రోజుకి మార్పిద్దాం, నేను ఫోన్ చేస్తాను అని అనొచ్చు. అనలేదు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో తిరిగొచ్చి, డాక్టర్ ఏమన్నాడని అడిగాను. "అంతా బాగుంది" అంది. నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

తర్వాత మూడు నెలలకి, నేను మ్యూనిక్ మారడానికి పెట్టెలు సర్దుకుంటుండగా, లాండ్రీ వాళ్లు ఫోన్ చేశారు. దుప్పట్ల బండి తోస్తూ పడిపోయిందట. ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ కార్డూ, పాత కాగితాలూ తెమ్మంటే ఇంటికొచ్చి సొరుగులు వెతికాను. జిన్సెంగ్ డబ్బా కింద ఓ మడత కాగితం దొరికింది. ఊబర్‌వైజుంగ్, అంటే స్పెషలిస్టు దగ్గరికి పంపుతూ డాక్టర్ ఇచ్చే చీటీ. కడుపులోకి గొట్టం వేసి చూడాలని ఉంది. పక్కన "అర్జెంట్" అని రాసి కింద రెండు గీతలు కొట్టి ఉంది. ఆ గురువారం తారీఖే. ఆ ఇంటికొచ్చిన ప్రతి కాగితం చదివాను నేను, కింది ఇంటివాళ్ల ఫిర్యాదుతో సహా. ఇదొక్కటే చదవలేదు.

ఆస్పత్రిలో ఆవిడ మంచం పక్కన నిలబడి అరిచాను. జబ్బు మనిషి అని కూడా చూడలేదు. "నాకెందుకు చూపించలేదు? నేను చదివేదాన్ని కదా! నా కోసం అంత గొడవ చేశారే, మీకోసం ఒక్క మాట అడగలేకపోయారా?" అన్నాను. పక్క మంచం జర్మన్ ముసలావిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. షెన్ ఆంటీ జారిన గాజు పైకి తోసుకుంది. "డాక్టర్ చాలా మాట్లాడాడు. నేను యా యా అన్నాను" అంది. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ, "ఇరవై ఏళ్లు ఊరందరికీ తూచి ఇచ్చాను. నాకు నేను తూచుకోలేనా అనుకున్నాను" అంది. నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ మందు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో నాకు నేర్పిన మనిషి. లోపల జబ్బుంటే అది పనికిరాదని చెప్పి నా కప్పు సింకులో పారబోసిన మనిషి. తన కప్పు మాత్రం తాగుతూ పోయింది.

కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. కడుపు సగం పైగా తీసేశారు. బతికింది. నేను మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరి, రెండు వారాలకోసారి రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. లాండ్రీ పని ఇక చేయలేకపోయింది. మరుసటి వసంతంలో చైనాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మీద నా చెయ్యి పట్టుకుంటే వీడ్కోలు అనుకున్నాను. మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించి నాడి చూస్తోంది. తలూపి విమానాశ్రయం రైలెక్కింది. కొన్నాళ్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. మధ్యలో జర్మన్ మాటలు మర్చిపోయేది, నేను అరిచేదాన్ని, ఇద్దరం నవ్వేవాళ్లం. ఓ రోజు ఫోన్ చేస్తే ఎవరో చైనీస్‌లో మాట్లాడి పెట్టేశారు. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఏమైందో నాకు తెలియదు. ఉత్తరం రాయడానికి ఆవిడ ఊరి చిరునామా కూడా నేను రాసి పెట్టుకోలేదు.

ఇన్నేళ్లలో ఏం మారింది అని ఆలోచిస్తే చికాకే మిగులుతోంది. అప్పుడు నాకు భాష లేదు, ఆవిడకి అంతకంటే లేదు. ఇప్పుడు కెజియాకి భాష ఉంది, ఫోన్ ఉంది, టెర్మిన్ బుక్ చేసే యాప్ ఉంది, పెద్దమ్మ ఉంది. అయినా అదే నీరసం, అదే స్ట్రెస్ మాట, అదే సర్దుకుపోవడం. పది మందులూ మోసమని నేను అనను. షెన్ ఆంటీ దగ్గర అది మందు. నాలుక చూసి, నాడి చూసి, నిన్నేం తిన్నావని అడిగి, అవసరమైతే పారబోసే మనిషి చేతిలో మందు. పారబోసే మనిషి లేకుండా డబ్బాలో పోసి ఇంటికి పంపిస్తే అదేమిటో నాకు తెలియదు. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. కెజియా ఆరు నెలలుగా నా సోఫా మీద నిద్రపోతోంది. పాపం, బాగా చదువుతోంది అనుకున్నాను. గాజు జారితే సన్నబడ్డారు అన్న మనిషిని నేను. నేను మాత్రం ఏం మారాను?

సోమవారం పొద్దున ఎనిమిదింటికి గార్చింగ్‌లో ఓ డాక్టర్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించారు. ఆరు వారాల తర్వాత టెర్మిన్ అన్నారు. నేను గొంతు పెంచాను. ఇన్నేళ్లుగా మర్యాదగా నేర్చుకున్న జర్మన్ అంతా వాడాను. అవతలి అమ్మాయి విసిగిపోయి, అయితే రేపు టెర్మిన్ అక్కర్లేని వేళల్లో వచ్చి వరుసలో కూర్చోండి అంది. మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. కెజియా మొహం గంటు పెట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, ల్యాబ్ ఉంది నాకు. అందరూ చూస్తున్నారు. నేనేం చిన్నపిల్లనా?" అంటూనే ఉంది. రెండు గంటలు కూర్చున్నాం. ఏమేం చెప్పాలో నేను మనసులో వరసగా కట్టుకున్నాను. పేరు పిలవగానే నేనూ లేచాను. డాక్టర్ ముప్పై అయిదేళ్ల అమ్మాయి. మర్యాదగా నా వంక చూసి, "ఆమె ఒక్కరే లోపలికి రావాలి. మీరు ఇక్కడ కూర్చోండి" అంది. నేను వాదించబోయాను. కెజియా నా వైపు తిరిగింది.

"నేను చెప్పుకోగలను, పెద్దమ్మా," అంది.

తలుపు మూసుకుంది. ఇరవై అయిదు నిమిషాలు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడదు. ఏం లేదు, కాస్త నీరసం అంతే అని నవ్వి వచ్చేస్తుందేమోనని నాకు కూర్చోబుద్ధి కాలేదు. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. చివరికి బయటికొచ్చింది. మోచేతి మడతలో దూది, దాని మీద టేపు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమన్నారే అంటే, రక్తం తీశారు, వచ్చే వారం రమ్మన్నారు అంది. నువ్వేం చెప్పావు అన్నాను.

"అన్నీ చెప్పా. ఆవిడ చాలా అడిగింది," అంది. కోటు గుండీలు పెట్టుకుంటూ, "నీకు తెలీనివి కూడా ఉన్నాయి పెద్దమ్మా. ఇప్పుడు అడగొద్దు."

అడగలేదు. బేకరీలో రొట్టె కొనిస్తే సగం తిని, ల్యాబ్ ఉందని వెళ్లిపోయింది. నేను యూ-బాన్ స్టేషన్ మెట్లు దిగాను. నాకు తెలియనివి ఏమిటి, ఎన్నాళ్లుగా, నా ఇంట్లో చేపల పులుసు ముందు కూర్చుని కూడా చెప్పలేనివి ఏమిటి అని రైలు వచ్చేదాకా అదే గొణుక్కున్నాను. డాక్టర్‌కి చెప్పింది, అది చాలు అని సమాధానపడదామని చూశాను. నా వల్ల కాలేదు.